బకెట్లో భీముడితో నల్లమల దాకా

మొదటి రోజు: హైదరాబాద్ నుంచి సోమశిల

"ఈ ఇంట్ల నేనన్న ఉండాలె, గా జంతువన్న ఉండాలె" అని మా అక్క ఫోన్లో తేల్చి చెప్పాక ఈ ప్రయాణం ఖాయమైంది.

జంతువు పేరు భీముడు. జానెడు పొడుగు. నీలం రంగు ఒళ్లు. రొయ్యకు ఎండ్రికాయ డెక్కలు తగిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఆర్నెల్ల కింద మా మేనల్లుడు బంటి అక్వేరియం షాపులో 'బ్లూ లాబ్‌స్టర్' అంటే నమ్మి కొనుక్కొచ్చాడు. లాబ్‌స్టర్ సముద్రంలో బతికేది. ఇది క్రేఫిష్, మంచినీటి జీవి. వచ్చిన నెలకే గప్పీలన్నీ ఖాళీ. తర్వాత నీటి మొక్కలను కోసిన గడ్డిలా నరికి పోగు పెట్టింది. మిగిలిన ఒక్క గోల్డ్ ఫిష్ తోక కూడా సగం పోయాక మా అక్క సహనం పూర్తిగా పోయింది.

కార్తీక మాసం. నాకు నాలుగు రోజులు సెలవు దొరికింది. సోమశిలలో కృష్ణ స్నానం చేసి, అచ్చంపేటలో చిన్నమ్మను చూసి, నల్లమలలో ఒక పూట తిరిగి రావాలని అనుకున్నాను. బంటి కూడా వస్తానన్నాడు. భీముణ్ని కృష్ణలో వదిలేస్తాడట. "పాపం, నదిలో అయితే హాయిగా బతుకుతది మామా" అన్నాడు. నాకూ అందులో తప్పేమీ కనిపించలేదు. కార్తీకంలో ఒక ప్రాణిని విడిచిపెడితే పుణ్యమే కదా అని కూడా అన్నాను. ఇప్పుడు రాయడానికి సిగ్గుగానే ఉంది.

మూతకు చిల్లులు పెట్టిన పెయింటు బకెట్, బ్యాటరీతో నడిచే గాలి మోటరు, అడుగున భీముడు దాక్కోవడానికి ఒక పీవీసీ పైపు ముక్క. జడ్చర్ల దాకా ఏ గొడవా లేదు. నాగర్‌కర్నూల్‌లో చాయ్ తాగి వచ్చి చూస్తే బకెట్ మూత పక్కకు జరిగి ఉంది, లోపల పైపు ముక్క ఒక్కటే ఉంది. గాలి గొట్టం పట్టుకుని తాడెక్కినట్టు ఎక్కి బయటపడ్డాడు. సీట్ల కింద వెతికితే డ్రైవర్ సీటు పట్టాల మధ్య దొరికాడు. నా చెప్పును చూసి డెక్కలు రెండూ పైకెత్తి నిలబడ్డాడు. నీళ్లు లేకున్నా మొప్పలు తడిగా ఉన్నంతసేపు ఇవి గంటల తరబడి బతుకుతాయని, కావాలంటే నేల మీద నడిచి పక్క మడుగుకు పోతాయని ఆ పూటే తెలిసింది.

అప్పుడే బంటి కేసరి సముద్రం చెరువు చూసి "ఇక్కడే వదిలేద్దామా?" అని అడిగాడు. అనుకున్నది సోమశిల కదా, పద అన్నాను. తప్పు చేయకుండా ఆపింది నా తెలివి కాదు, మొండితనం.

కొల్లాపూర్ దాటి సోమశిల చేరేసరికి పొద్దు వాలింది. శ్రీశైలం డ్యామ్ వెనక నీళ్లు నిండుగా ఉన్నాయి. ఎదురుగా నది కనిపించదు. కొండల మధ్య పరుచుకున్న ఒక పెద్ద వెడల్పు కనిపిస్తుంది. ఈ నీళ్ల కింద ఊళ్లున్నాయి. లలితా సోమేశ్వరుడి గుళ్లను కూడా మునగకముందే రాయీ రాయీ విప్పి పైకి తెచ్చి కట్టారు. అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి ఈ కాలంలో నీళ్ల అడుగునే ఉంటుంది. ఎండాకాలం నీళ్లు దిగితేనే బయటికొస్తుంది.

రాత్రి బంటి వాళ్ల అక్కకు వీడియో కాల్ చేశాడు. ఆ పిల్ల పెర్త్‌లో చదువుతోంది. బకెట్లో భీముణ్ని చూపిస్తూ "రేపు పొద్దున విడుదల" అని చెప్పాడు. అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత "వాని డెక్కల పక్కన ఎర్రమచ్చ ఉన్నదా?" అని అడిగింది. టార్చి వేసి చూశాం. రెండు డెక్కలకూ బయటి అంచున బుడగ ఉబ్బినట్టు మెత్తగా ఒక ఎర్రమచ్చ. "రెడ్‌క్లా మగది. మా ఆస్ట్రేలియా ఉత్తరం దిక్కు, న్యూగినీ దక్షిణం దిక్కు వాగుల్లో ఉండేది. దాన్ని నదిలో వదిలితే నీతో మాట్లాడ" అంది.

తర్వాత అరగంట ఆ పిల్లే మాట్లాడింది. పెర్త్‌కు దక్షిణంగా కారులో మూడు గంటలు పోతే మార్గరెట్ రివర్ వస్తుంది. మొత్తం పొడవు అరవై కిలోమీటర్లు, మన దుందుభి వాగు కన్నా చిన్నది. ఒంటి మీద పొట్టి వెంట్రుకల కుచ్చులుండే ఒక క్రేఫిష్ ప్రపంచం మొత్తంలో ఆ ఒక్క నదిలోనే ఉంది. దాన్ని హెయిరీ మారన్ అంటారు, శాస్త్రీయ నామం చెరాక్స్ టెనుయిమానస్. 1980లలో దాని దగ్గరి చుట్టం నున్న మారన్ ఆ నదిలోకి వచ్చి చేరింది. కోపంతో కాదు, విషం పెట్టాలనీ కాదు. తినడానికి బాగుంటుంది, పట్టుకోవడానికి సరదా అని మనుషులే దాన్ని కొత్త కొత్త నీళ్లలోకి మోశారు. నున్నది తొందరగా వ్యాపించింది, వెంట్రుకలదానితో జతకూడి సంకర పిల్లల్ని కూడా కన్నది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అసలుది నది పైభాగంలోని కొన్ని మడుగులకు కుదించుకుపోయింది. ఇప్పుడు రాత్రిళ్లు టార్చిలు పట్టుకుని నున్నవాటిని ఏరి తీయడం, అసలువాటిని కొన్నింటిని విడిగా పెంచి వంశం నిలబెట్టడం, ఇదీ అక్కడి పని.

ఇందులో ఒక చిత్రం ఉంది. రెండూ వేరు జాతులని 2002లో తేల్చినప్పుడు, మారన్‌కు మొదటి నుంచీ ఉన్న పేరు ఈ అరుదైనదానికే మిగిలింది. పశ్చిమ ఆస్ట్రేలియా నైరుతి మూలంతా తిరిగే నున్నదానికి చెరాక్స్ కైనీ అని కొత్త పేరు పెట్టాల్సి వచ్చింది. పేరు దక్కింది, నది పోయింది.

"మన భీముడు కూడా చెరాక్సేనా?" బంటి నెమ్మదిగా అడిగాడు.

"అవ్. పూర్తి పేరు చెరాక్స్ క్వాడ్రికారినేటస్. ఇంటిపేరొకటే."

రెండో రోజు: సోమశిల

తెల్లారకముందే రేవుకు పోయాం. స్నానాలు, దీపాలు, అరటి దొప్పలు. బకెట్ గదిలోనే ఉంది. వదలాలా వద్దా అని మేమింకా తేల్చుకోలేదు. నిజం చెప్పాలంటే నేనింకా మనసులో వాదిస్తూనే ఉన్నాను. ఆస్ట్రేలియాలో క్రేఫిష్‌లు ఉన్నాయి కాబట్టి వాటికి ప్రమాదం. మన దేశపు నీళ్లలో క్రేఫిష్ జాతి ఒక్కటీ పుట్టలేదు. ఇక భీముడు ఎవరి వంశాన్ని చెడగొడతాడు?

దానికి జవాబు రేవుకు కాస్త పక్కన దొరికింది. ఇద్దరు మనుషులు పుట్టి ఒడ్డుకు లాగి వల దులుపుతున్నారు. పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. వలలో నాలుగు రవ్వులు, కొన్ని జెల్లలు, వాటి మధ్య నల్లగా, గరుకుగా, రాతి ముక్కలా ఒక చేప. ఒంటి నిండా పెచ్చుల్లాంటి పలకలు, వాటి మీద సన్న ముళ్లు. ఆ ముళ్లు వల కళ్లలో ఇరుక్కున్నాయి. పెద్దాయన రెండు నిమిషాలు విడదీయడానికి చూసి, విసిగి, నడుముకున్న కత్తి తీసి వలనే కోశాడు. అరచెయ్యి పట్టేంత బొక్క పడింది.

"దయ్యం చేప. కుక్కలు గూడ ముట్టవు. వల కొన్న పైసలు దీనికే సరిపోతున్నయ్."

బంటి వంగి చూశాడు. చేప నోరు అడుగువైపు గుండ్రంగా ఉంది. అది ఆ నోటితో ఇసుకను పీల్చుతోంది. "మామా, ఇది మన ఇంట్ల ఉండేటిదే. అద్దం నాకేది."

అవును. సకర్ చేప. దక్షిణ అమెరికా నదులది. అక్వేరియం అద్దానికి పట్టిన పాచి తింటుందని వేలెడంతప్పుడు అమ్ముతారు. అది మూరెడు అయ్యాక ఎవరింట్లోనూ పట్టదు. రెండేళ్ల కింద మా అక్క ఇంట్లో ఉన్నదాన్ని కాలనీ పక్క చెరువులో వదిలింది నేనే. హైదరాబాద్ చెరువు పొంగితే నీళ్లు మూసీకి పోతాయి. మూసీ నల్లగొండ జిల్లా అంతా తిరిగి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. వాడపల్లి ఇక్కడికి చాలా దిగువన ఉంది. మధ్యలో నాగార్జునసాగర్, శ్రీశైలం కట్టలున్నాయి కాబట్టి పెద్దాయన వల కోసింది నా చేప కాదు. వాడపల్లి దగ్గర ఇంకెవరి వలనో కోయిస్తూ ఉండొచ్చు. ఆ మాట ఆయనకు చెప్పాను. ఆయన నా వైపు చూసి, తిట్టడానికి కూడా ఓపిక లేనట్టు వల మడిచి పక్కన పెట్టాడు.

బీడీ ముట్టించాక ఆయనే మాట కలిపాడు. ఆయన కోపమంతా దయ్యం చేప మీద కాదు, అలివి వలల మీద. దోమతెరంత సన్న కళ్లుండే వల అది. మైళ్ల కొద్దీ లాగితే వేలెడు పిల్ల కూడా మిగలదు. నిషేధం ఉంది, ఉన్నా రాత్రిపూట నడుస్తుంది. "పెద్ద చేప పోతె బాధ లేదు సారు. పిల్లను పడితె వచ్చే ఏడు ఏం దినాలె?"

రొయ్యల సంగతి అడిగాను. చిన్నప్పుడు చెయ్యంత రొయ్యలు పడేవట. ఇప్పుడు పడేవి సర్కారు వదిలిన పిల్లల్లో బతికి పెరిగినవే. "ఇక్కడనే గుడ్లు వెట్టవా?" అని బంటి అడిగితే ఆయన నవ్వాడు. "పెడతయి బిడ్డా. నిలవయి."

ఎందుకు నిలవవో నాకు కొంత తెలుసు. డిగ్రీలో చదివింది జంతుశాస్త్రమే. కృష్ణా గోదావరుల పెద్ద రొయ్యలు మాక్రోబ్రాకియం జాతులు. పెరిగేది నదిలోనే, కానీ గుడ్లలోంచి వచ్చిన డింభకాలకు, అంటే తల్లి రూపు ఇంకా రాని పసికూనలకు, ఉప్పు కలిసిన నీళ్లు కావాలి. అందుకే వానాకాలంలో తల్లి ప్రవాహంతో పాటు దిగువకు, సముద్రం ముఖద్వారం వైపు పోతుంది. అక్కడ పిల్లలు కాస్త పెరిగాక గుంపులుగా ఎదురీదుతూ, తడి రాళ్లు ఎగబాకుతూ పైకి వస్తాయి. సోమశిల నుంచి సముద్రం దాకా ఇప్పుడు లెక్కపెట్టండి: శ్రీశైలం, సాగర్, సాగర్ టెయిల్‌పాండ్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ. ఐదు గోడలు. శ్రీశైలం ఎత్తు ఏ రొయ్య పిల్లా ఎక్కేది కాదు. అందుకే ప్రతి ఏటా హేచరీ పిల్లల్ని లారీల్లో తెచ్చి పోయాలి. పోయకపోతే వచ్చే ఏడు లేవు.

అక్కడే నా వాదన విరిగిపోయింది. మన రొయ్యకు సముద్రం కావాలి, అది అందదు. భీముడికి సముద్రంతో పనే లేదు. వాళ్ల జాతిలో తల్లి కొన్ని వందల గుడ్లను తోక కింద అతికించుకుని తిరుగుతుంది. వాటిలోంచి డింభకాలు రావు, నేరుగా బుల్లి క్రేఫిష్‌లే దిగుతాయి. చెరువైనా, కాలువైనా, డ్యామ్ వెనక మడుగైనా చాలు. ఐదు గోడలు మన రొయ్యను ఆపాయి, దాన్ని ఆపవు. పైగా కొల్లాపూర్ దగ్గర రేగుమానుగడ్డ నుంచి కల్వకుర్తి ఎత్తిపోతల మోటర్లు ఈ నీళ్లనే ఎత్తి కాలువల్లో పోస్తున్నాయి. చెరువులు నింపుతున్నాయి. ఒకప్పుడు నదిలో పడ్డది నదిలోనే ఉండేది. ఇప్పుడు పాలమూరులో నది కూడా గట్టెక్కి ఊళ్లలోకి నడుస్తోంది.

మగది ఒక్కటి వదిలితే ఏమవుతుంది, జంట ఉండాలి కదా అని మీరనొచ్చు. బంటీ అదే అన్నాడు. సకర్ చేపను వదిలేటప్పుడు నేనూ ఒక్కదాన్నే వదిలాను.

గదికి వచ్చి బకెట్ నీళ్లు మార్చాం. పాత నీళ్లు నదిలోనో కాలువలోనో కాకుండా ఎండిన నేల మీదే పోయాలని పెర్త్ నుంచి ఆజ్ఞ. క్రేఫిష్‌ల మీద బతికే బూజు ఒకటుంది, అఫనోమైసిస్ అస్టాసి. దాని బీజాలు కంటికి కనబడవు, తడి వలలోనూ తడి బూటులోనూ ప్రయాణం చేస్తాయి. అది అమెరికా క్రేఫిష్‌ల ఒంటి మీద కాపురముంటుంది, వాటికి పెద్దగా హాని చేయదు. 1860 ప్రాంతంలో యూరప్‌లో కాలుపెట్టి అక్కడి క్రేఫిష్‌లను వాగులకు వాగులే ఊడ్చేసింది. మనకు క్రేఫిష్‌లు లేవు కదా అని పాత నాలుక మళ్లీ లేచింది గానీ ఈసారి నోరు మూసుకున్నాను. గోడ పక్కన, ఎర్రటి ఎండలో, పల్లేరు మొక్కల మీద పోశాం.

మూడో రోజు: అచ్చంపేట, మల్లెలతీర్థం

పులుల అభయారణ్యంలోకి ఈ బకెట్‌తో పోవడం బాగుండదని పొద్దున్నే చిన్నమ్మ ఇంట్లో దించాం. చిన్నమ్మ మూత తీసి చూసి, "గిదేం రొయ్యరా, కొట్లాటకొచ్చినట్టున్నది. ఇగురు వెడితె ముగ్గురికి సరిపోతది" అంది. బంటి మొహం చూసి "ఊకె అన్న లేరా" అంది గానీ, మసాలా డబ్బా వైపు ఒకసారి చూసిందని నా అనుమానం.

మన్ననూర్ చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. రెండున్నర వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవి. దారంతా టేకు, నల్లమద్ది, ఏరుమద్ది, మధ్య మధ్య వెదురు. బంటి ఫోన్లో ఏదో చదువుతూ పైకి వినిపించాడు. టాస్మేనియా ద్వీపం ఉత్తర వాగుల్లో ఒక రాక్షస క్రేఫిష్ ఉందట, అస్టకాప్సిస్ గౌల్డి. ఆరు కిలోల దాకా తూగినవి ఉండేవట. ఆడది మొదటిసారి గుడ్లు పెట్టడానికి పద్నాలుగేళ్లు పడుతుంది. 1998 నుంచి పట్టడం నిషేధం. "పద్నాలుగేండ్లంటే ఇంచుమించు నా అంత మామా. నా అంత అయ్యేదాక ఒక్క పిల్ల కూడా ఉండదు."

వటవర్లపల్లి దగ్గర మళ్లి మల్లెలతీర్థం చేరాం. మూడు వందలకు పైగా మెట్లు దిగాలి. దిగేటప్పుడు అందరూ ఫొటోలు తీసుకుంటారు. ఎక్కేటప్పుడు ఎవరూ తీసుకోరు. జలపాతం సన్నగానే పడుతోంది. మడుగు దగ్గర జనం. మాతో వచ్చిన చెంచు యువకుడు మమ్మల్ని ఆ గోలకు దూరంగా, పక్కన పారే చిన్న పాయ దగ్గరికి తీసుకుపోయాడు.

ఎండ్రికాయ చూపిస్తావా అని అడిగాను. ఆయన నీళ్లను చూడలేదు, రాళ్లను చూశాడు. ఒక పలక రాయి అంచున తాజా మట్టి ఉండలు కనిపించాయి. రెండు చేతులతో ఆ రాయిని పుస్తకం అట్ట తెరిచినట్టు ఒక వైపుకు ఎత్తాడు. నీళ్లు కలకబారి, తేరుకున్నాయి. అడుగున, తడి ఆకు రంగులో, రెండు వేళ్ల వెడల్పున ఒకటి. అది పారిపోలేదు. కుడి డెక్క పెద్దది, ఎడమది చిన్నది. పెద్ద డెక్కను మొహానికి అడ్డం పెట్టుకుని అలాగే కూర్చుంది. కళ్ల కాడలు మాత్రం ఒకటి తర్వాత ఒకటి మా వైపు తిరిగాయి. నోటి దగ్గర చిన్న బుడగలు వచ్చాయి.

"తొలకరిల అయితె తల్లి కడుపు మడతల పిల్లలుంటయి సార్. జొన్న గింజలంత. మడత తెరిస్తె అన్నీ కదుల్తయి." ఆయన వాటిని తింటాడు, దాచుకోలేదు. జలుబు చేస్తే ఎండ్రికాయ చారే మందు. కానీ పిల్లలున్నదాన్ని పట్టరట. ఎందుకని అడిగితే అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. రాయిని మళ్లీ సరిగ్గా అదే గుంటలో, అదే వైపు దించి, అంచున చేత్తో మట్టి సర్దాడు. తిప్పిన రాయిని తిప్పినట్టే వదిలేస్తే ఆ ఇల్లు పోయినట్టే.

మన నీళ్లలో క్రేఫిష్ ఉండాల్సిన పీట మీద కూర్చున్నది ఇదిగో ఇదే. భీముడిలాగే దీనికీ సముద్రంతో పని లేదు. గుడ్డులోంచి నేరుగా బుల్లి ఎండ్రికాయే వస్తుంది. లాభమే. నష్టం కూడా అక్కడే ఉంది: వరద మీద ఈదుకుంటూ దూరం పోయే డింభకాలు లేవు గనక పుట్టిన వాగు దాటి పోవడం కష్టం. కొండకో జాతి, లోయకో జాతిగా విడిపోతాయి. మన దేశంలో మంచినీటి ఎండ్రికాయలు వందకు పైగా జాతులున్నాయి. వాటిలో ఒకే కొండ వరసకు పరిమితమైనవి ఎన్నో. పొలం గట్లకు బొక్కలు పెట్టేవి చాలా చోట్ల ఉంటాయి, వాటికి దిగుల్లేదు. అందులో ఒకటైన ఓజియోథెల్ఫ్యూసా మీద తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగాయి. దిగులు ఇలాంటి పాయల్లో ఉండేవాటి గురించే. ప్రపంచంలోని 1,280 జాతుల మంచినీటి ఎండ్రికాయలను 2009లో పరిశీలిస్తే ఆరింట ఒక వంతు అంతరించే దారిలో ఉన్నట్టు తేలింది. దాదాపు సగం జాతుల గురించి ఏ మాటా చెప్పడానికి సమాచారమే చాలలేదు. 2015లో 590 క్రేఫిష్ జాతులను చూస్తే మూడింట ఒక వంతు ప్రమాదంలో ఉన్నాయి. పులికి ఇక్కడ చెక్‌పోస్టుంది, కెమెరా ఉంది, లెక్క ఉంది. పులి నీళ్లు తాగే పాయలో రాయి కింద ఉన్నదానికి ఆ పులి పుణ్యమా అని నీడ దొరుకుతోంది. అంతవరకు మేలే. 2019లో ఈ అడవిలో యురేనియం కోసం తవ్వి చూస్తామన్నప్పుడు చెంచుల గూడేలైన పెంటల నుంచి పట్నం దాకా జనం లేచారు. అప్పుడు అందరి నోటా ఉన్నది పులి, చెంచులు, కృష్ణ నీళ్లు. ఎండ్రికాయ పేరు ఎవరూ ఎత్తినట్టు నాకు గుర్తు లేదు. నేనూ ఎత్తలేదు.

రాత్రి అచ్చంపేట చేరేసరికి చిన్నమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "అరేయ్, అది రెండైంది."

బకెట్లో నిజంగానే ఇద్దరు భీములు. ఒకడు పైపు బయట, కళ్లు, మీసాలు, డెక్కలు, గోళ్లతో సహా కదలకుండా. ముట్టుకుంటే కాగితంలా తేలిక. వీపు దగ్గర అడ్డంగా పగులు. ఖాళీ పెంకు. మీసం మీది నూగు కూడా పెంకులో ఉన్నది ఉన్నట్టే ఉంది. అసలువాడు పైపు లోపల, కొత్త నీలంతో, ఉడికించిన గుడ్డంత మెత్తగా. డెక్క ఎత్తబోయి ఎత్తలేక దించేశాడు. మూడు రోజులుగా అందరినీ బెదిరించినవాడు అలా ఉండటం చూస్తే నవ్వు రాలేదు. పెంకు తీసి దాచుకుంటానన్నాడు బంటి. వద్దన్నాను. అది వాడి సున్నం, తిని మళ్లీ గట్టిపడాలి.

చిన్నమ్మ లైటు ఆర్పి, బకెట్ మీద తడి గోనెపట్టా తనే కప్పింది.

నాలుగో రోజు: తిరుగు దారి

డిండి జలాశయం దగ్గర చేపలు కొన్నాం. కొర్రమట్ట దొరికింది, ధర కూడా తగ్గట్టే ఉంది. బంటి ఈసారి ఎక్కడా వదులుదామని అడగలేదు. గుంతలొచ్చినప్పుడల్లా బకెట్‌ను ఒళ్లో పెట్టుకున్నాడు.

హైదరాబాద్‌లో కొన్న షాపుకే పోయాం. వాపసు తీసుకోనన్నాడు. "ఏదన్న చెరువుల ఇడిసిపెట్టండి సార్, అందరు అదే చేస్తరు" అని సలహా కూడా ఇచ్చాడు. బంటి ఆయనకు మార్గరెట్ రివర్ కథ మొదలుపెట్టాడు. సగంలో వేరే గిరాకీ వచ్చింది. వాళ్లు అడుగుతున్నది అద్దం నాకే చేప.

అక్క తలుపు తీసి ముందు కొర్రమట్టను, తర్వాత బకెట్‌ను చూసింది. ఏమీ అనలేదు. వెనక బాల్కనీలో బట్టలు నానబెట్టే పాత టబ్బు ఖాళీ చేసి, పైన ఇనుప జల్లెడ బోర్లించి, దాని మీద రోలు బండ పెట్టింది. "గుమ్మం దాటిందా, ఇగురే" అంది. రాత్రి నేను బయల్దేరేటప్పుడు కూరకు తరిగిన బీరకాయ తొక్కు ఒకటి జల్లెడ సందులోంచి లోపలికి వేస్తూ కనిపించింది. పైపులోంచి ఒక మెత్తని నీలం డెక్క బయటికొచ్చి దాన్ని పట్టుకుంది.